రాజరూపచిత్రములు - ప్రేక్షకస్థానము

ఒక వ్యక్తిని గుర్తింపదగినట్లుగా వ్రాసిన పటమును ఈ వ్యాసమున రూపచిత్రమని వ్యవహరింతును. రాజుల రూపచిత్రములను గూర్చి రెండు విధములైన అభిప్రాయములు తరచుగా వినవచ్చుచుండును. ఇవి ముఖస్తుతులు, కావున వీనియందు అలంకారమే కాని సత్యము లేదనునది మొదటిది. కిరీటము, ఖడ్గము, సింహాసనము మొదలైన చిహ్నముల కర్థములు తెలిసికొన్నచో చిత్రార్థము సమగ్రముగా తెలిసినట్లే యనునది రెండవది. మొదటి మతమువారు చిత్రమును సత్యాసత్యముల త్రాసున తూచుచున్నారు. రెండవ మతమువారు చిత్రము నెదుట నిఘంటువును విప్పికొని కూర్చుండుచున్నారు. పటము నెదుట ఒక ప్రేక్షకుడు నిలిచియున్నాడను సంగతిని మాత్రము ఇరువురును మరచినారు.

గౌరవమనునది రాజు దేహమునందో, ధరించిన వస్త్రమునందో స్వతస్సిద్ధముగా నుండు గుణము కాదు. అది రాజునకును, ఎదుట నిలిచినవానికిని నడుమ గల సంబంధము. ఎదుటివాడు లేనిదే ఉన్నతాసనమునకు ఔన్నత్యము లేదు. కావున రాజరూపచిత్రమును పరీక్షించునపుడు “రాజెట్లున్నాడు?” అను ప్రశ్నతో నాగక “ఈ పటము నన్నెచ్చట నిలుపుచున్నది?” అని కూడ ప్రశ్నింపవలెను. ఈ రెండవ ప్రశ్నయే విమర్శకు మూలమని నా యభిప్రాయము. దీనిని కొన్ని ప్రసిద్ధ చిత్రముల మూలమున నిరూపింప యత్నింతును.

ఇది తెలుగు సాహిత్యవిద్యార్థికి దూరమైన విషయము కాదు. మన కావ్యావతారికలు, రాజప్రశస్తులు వాఙ్మయమున రాజరూపచిత్రములే. వానినిగూర్చియు పై రెండభిప్రాయములే వ్యాపించియున్నవి.

1. సాదృశ్యము, ఔన్నత్యము

భారతీయ చిత్రశాస్త్రమున ఈ సమస్యకు బీజము కలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున ‘విద్ధచిత్రము’ చెప్పబడినది. అద్దమునందలి ప్రతిబింబమువలె సాదృశ్యము కలది విద్ధచిత్రము. అంతకు పూర్వమైన విష్ణుధర్మోత్తరమునందలి చిత్రసూత్రము రాజులను దేవతలవలె చిత్రింపవలెనని విధించినది. పురుషులను హంసాది పంచవిధములుగా విభజించి కొలతలు చెప్పినదియు ఆ గ్రంథమే.

రాజరూపచిత్రమును వ్రాయువాడు ఈ రెండు విధులకును లోబడవలసియుండును. పోలిక లేనిచో అది ఏ రాజుదో తెలియదు. పోలిక మాత్రమే యున్నచో అది రాజుదని తెలియదు. ముక్కు, కన్ను, ముడుతలు వ్యక్తికి చెందినవి. కొలత, నిలుకడ, వస్త్రము పదవికి చెందినవి. రాజునకు మర్త్యమగు దేహమొకటి, నాశము లేని రాజ్యదేహమొకటి గలదను మధ్యయుగపు ఐరోపీయసిద్ధాంతమును ఎర్నెస్ట్ కాంటరోవిచ్ 1957లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించెను. చిత్రకారునికి ఈ సిద్ధాంతము తత్త్వవిచారము కాదు, చేతిపని. రెండు దేహములను ఒకే పటమున అతుకు కనబడకుండ కూర్చుట యెట్లు?

2. రిగో రచించిన పదునాలుగవ లూయీ

ఈ కూర్పునకు మేలిబంతియైన చిత్రము హ్యాసింత్ రిగో 1701లో రచించిన ఫ్రాన్సు ప్రభువు పదునాలుగవ లూయీ రూపచిత్రము. ఎత్తు 277 సెంటీమీటర్లు, వెడల్పు 194 సెంటీమీటర్లు గల ఈ పటము ప్యారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలయం దున్నది. లూయీ మనుమడు ఐదవ ఫిలిప్పు 1700లో స్పెయిన్ సింహాసనమునకు వారసుడయ్యెను. అతనికి కానుకగా పంపుటకై వ్రాయించిన పటమిది. అది పూర్తియైన పిదప లూయీకి మిక్కిలి నచ్చినందున మూలమును తనయొద్దనే నిలుపుకొనెను. పెక్కు ప్రతులు వ్రాయబడినవి.

చిత్రమందలి వస్తుసంపదను చూతము. రాజు భుజములమీద పట్టాభిషేక ప్రావారము వ్రేలాడుచున్నది. దాని వెలుపలిభాగము బంగారు లిల్లీపూవుల నీలిపట్టు. లోపలిభాగము ఎర్మిన్ అను చిన్న జంతువు తెల్లని ఉన్నిచర్మము. నడుమున షార్లమేనుదిగా ప్రసిద్ధికెక్కిన ఖడ్గము, కంఠమున పవిత్రాత్మ కూటమి హారము, ప్రక్కన దిండుపై కిరీటము, న్యాయమునకు చిహ్నమైన హస్తదండము కలవు. వెనుక సింహాసనము, పైన ఎఱ్ఱని తెర, ఒక ప్రక్క బలిసిన స్తంభము, దాని పీఠమున న్యాయదేవతామూర్తి. మన అలంకారశాస్త్ర పరిభాషలో ఇది సమృద్ధివర్ణనాత్మకమైన ఉదాత్తము.

లూయీకి రీంస్ నగరమున పట్టాభిషేకము జరిగినది 1654లో. చిత్రము వ్రాసిననాటికి నలువదియేడేండ్లు గడచినవి. అనగా ఈ పటము ఒకనాడు జరిగిన కార్యమునకు రూపము కాదు. ఆ వస్త్రముతో, ఆ చిహ్నములతో, ఆ స్థలమున రాజు ఆనాడు నిలిచియుండలేదు. పట్టాభిషేకమను క్షణము ఇచట కాలమునకు లోబడక నిత్యమై నిలిచినది.

కాని వస్తువుల పట్టికయే చిత్రమైనచో పెట్టెలో సర్దిన నగలకును ఈ పటమునకును భేదముండదు. భేదము రాజు ఆ వస్తువులతో మెలగు తీరునం దున్నది. అతడు రాజదండమును తలక్రిందులుగా పట్టి, చేతికఱ్ఱవలె దిండుపై ఊనినాడు. పవిత్రమగు దండమును ఇంత చనువుతో పట్టగలవా డెవడు? అది పుట్టుకతోనే తనదైనవాడు. కొత్తగా నగ పెట్టుకొన్నవాడు దానిని మాటిమాటికి తడవిచూచుకొనును. తరతరములుగా ధరించువానికి అది యున్నదను ధ్యాసయే యుండదు. కిరీటము తలమీద లేదు. చేయి చాచిన నందుచోట నున్నది. ప్రావారమును ఒక భుజముమీదికి విసరి, కాళ్లను, ఖడ్గమును బయలుపరచినాడు. ధరించుటకన్న ధరించియు లక్ష్యపెట్టకుండుట ఇచట గౌరవమునకు గురుతు.

ఇక దేహము. లూయీ అప్పటికి అరువది దాటినవాడు. రిగో ముఖమును దాచలేదు. జారిన చెక్కిళ్లు, దంతములు పోయి లోనికి ముడిగిన నోరు స్పష్టముగా కనబడుచున్నవి. కాళ్లు మాత్రము యౌవనమునందలివి. తెల్లని మేజోళ్లలో, ఎఱ్ఱని మడమల పాదరక్షలతో, నర్తకుని నిలుకడలో నున్నవి. 1653లో ఒక నృత్యప్రదర్శనమున సూర్యుడుగా ఆడిన బాలరాజు కాళ్లవి. ముఖము వ్యక్తిది, కాళ్లు పదవివి. రాజు ఎదుట కూర్చుండగా వ్రాసిన ముఖము వేరొక చిన్న గుడ్డపై నుండగా, దానిని పెద్దపటమున అతికిరని పటమును పరిశీలించినవారు కనుగొనిరి. రెండు దేహములను కూర్చుట యని పైన చెప్పినమాట ఇచట అక్షరాల నిజమైనది.

అయినను చూపరికి అతుకు తోపదు. దానికి కారణము ప్రేక్షకస్థానమే. చిత్రకారుడు కంటిమట్టమును తక్కువ ఎత్తున నిలిపినాడు. రాజు మెట్టుమీద నున్నాడు. మనము మెట్టు క్రింద నున్నాము. అతని చూపు పైనుండి మనమీద వ్రాలుచున్నది. దేహము ఒక ప్రక్కకు తిరిగియుండగా ముఖము మనవైపునకు మరలినది: నడచిపోవుచున్న ప్రభువు మనయెడ దయతో ఒక్క క్షణము ఆగినట్లు. ఇట్లు నిలుపబడిన ప్రేక్షకుడు ముఖమునకును కాళ్లకును గల వయోభేదమును లెక్కించు స్థితిలో ఉండడు. కొలువునందు ప్రవేశించినవాడు ప్రభువును తలయెత్తి చూచును, కొలతబద్దతో చూడడు.

3. థాకరే ఆక్షేపము

ఈ చిత్రముపై మిక్కిలి పదునైన ఆక్షేపము ఆంగ్ల నవలాకారుడు థాకరేది. 1840లో వెలువడిన ‘ప్యారిస్ స్కెచ్ బుక్’ అను గ్రంథమున అతడొక హాస్యచిత్రమును ప్రకటించెను. అందు మూడు రూపములు వరుసగా నుండును. మొదటిది మనిషి లేని రాజవేషము. బుట్టజుట్టు, ప్రావారము, ఎత్తుమడమల జోళ్లు తమంతట తామే నిలిచియుండును. రెండవది వేషము లేని మనిషి. బట్టతల, బొజ్జ, సన్నకాళ్లు గల పొట్టి ముసలివాడు. మూడవది రెండును కలిసిన పదునాలుగవ లూయీ మహారాజు. వేషమును తీసివేసిన రాజు లేడని తాత్పర్యము.

ఈ ఆక్షేపమున చమత్కారము గలదు, సత్యమును గలదు. కాని అది రిగో దాచిన రహస్యమును బయటపెట్టినదా? ముసలి ముఖమును రిగోయే చూపియున్నాడు. రాజు వేరు, రాజత్వము వేరని ఆనాటి కొలువునకు తెలియును. రాజత్వమునకు ఆధారము దేహసౌష్ఠవమని ఎవరును వాదింపలేదు. థాకరే నిజముగా చేసినది మరియొకటి. అతడు ప్రేక్షకుని స్థానమును మార్చినాడు. మెట్టు క్రింద నిలిచిన కొలువువానిని తీసికొనిపోయి నాటకశాల తెరవెనుక నిలిపినాడు. అచటినుండి చూచిన ఏ ప్రభువును ప్రభువు కాడు. ఫ్రెంచి విప్లవమును, 1793లో పదునారవ లూయీ శిరచ్ఛేదమును చరిత్రగా ఎరిగిన నాగరికునికి ఆ స్థానమార్పు సులభము. ఆ పదునారవ లూయీకిని కలె అను చిత్రకారుడు అదే నీలిప్రావారముతో, అదే ఠీవితో పటము వ్రాసియుండెను. చిహ్నములలో లోపము లేదు. పటము నెదుట ఆ స్థానమున నిలుచుటకు సమ్మతించు ప్రజయే కరవయ్యెను. గౌరవము సంబంధమనుటకు ఇంతకు మించిన నిదర్శనము వలదు.

4. చిహ్నము లేని రాజత్వము

చిహ్నములే రాజత్వవాచకములైనచో చిహ్నములు లేని రాజచిత్రము అసంభవము కావలెను. కాని వాన్ డైక్ సుమారు 1635లో రచించిన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ వేటచిత్రము ఇదే లూవ్ర్‌లో నున్నది. ఇందు కిరీటము లేదు, దండము లేదు, సింహాసనము లేదు. రాజు గుఱ్ఱము దిగి నేలపై నిలిచినాడు. వెడల్పు అంచుల నల్లని టోపీ, తెల్లపట్టు చొక్కా, తోలు జోళ్లు. ఒక చేత ఊతకఱ్ఱ, రెండవచేయి నడుముపై. సంపన్నుడగు ఏ గృహస్థునికైన ఇట్టి వేషముండవచ్చును.

రాజత్వమిచట వ్యంగ్యము. దానిని ధ్వనింపజేయు సామగ్రిని గమనింపుడు. వెనుకనున్న గుఱ్ఱము నమస్కరించుచున్నట్లు తల వంచినది. సేవకులు గుఱ్ఱము వెనుక, చెట్టునీడలో అణగియున్నారు. పైనున్న కొమ్మలు రాజచ్ఛత్రమువలె వంగినవి. దిఙ్మండలరేఖ క్రిందుగా నుండుటచే, సహజముగా పొట్టివాడైన చార్లెస్ ఆకాశమునకు ఎదురుగా ఎత్తుగా నిలిచినాడు. నడుముపై చేయినుంచుటచే అతని మోచేయి మనవైపునకు పొడుచుకొని వచ్చుచున్నది. దగ్గరకు రావలదని మర్యాదగా చెప్పుచున్నది. అతడు భుజముమీదుగా ఒక్కచూపు చూచినాడు. రిగో మనలను కొలువున నిలిపెను. వాన్ డైక్ మనలను దారిప్రక్కన నిలిపినాడు. మనము పిలువబడినవారము కాము, అనుకోకుండ ఎదురుపడినవారము. అతడు రాజని ఎవరును చెప్పకుండగనే మనము తొలగి నిలువవలసియున్నది.

అయినను చిత్రమున క్రిందుగా నొక రాతిమీద అతడు రాజని లాటిన్ భాషలో వ్రాయబడియున్నది. ధ్వని నిర్వహించిన పనికి ఈ వాచ్యము అనావశ్యకమని సహృదయులు తలపవచ్చును. ఈ చార్లెసే 1649లో ప్రజాప్రతినిధుల తీర్పున శిరచ్ఛేదము పొందెను. తర్వాతి కథ తెలిసిన మనకు ఆ చూపున విషాదము తోచుట సహజమే. కాని అది మనము తెచ్చిన భావము, చిత్రము తెచ్చినది కాదు. విమర్శకుడు ఈ రెండింటిని వేరుచేసి చూపవలెను.

5. ప్రక్కముఖము, ఎదురుముఖము

పై రెండు చిత్రములందును రాజు మనలను చూచుచున్నాడు. చూపే గౌరవసాధనమని సిద్ధాంతము చేయుటకు ముందు మొగలుచిత్రమును పరిశీలింపవలెను. బిచిత్ర్ అను చిత్రకారుడు సుమారు 1615-18 నడుమ రచించిన జహంగీరు చిత్రము వాషింగ్టన్ నగరమున ఫ్రీర్ చిత్రశాలలో నున్నది. ఇది గోడకు తగిలించు పటము కాదు. చేతిలో పట్టుకొని చూడదగిన పుస్తకపత్రము. ఇసుక గడియారమే ఆసనముగా జహంగీరు కూర్చున్నాడు. తలవెనుక సూర్యచంద్రులు కలిసిన మహాతేజోమండలము. అతడు షేక్ హుస్సేను అను సూఫీకి పుస్తకమొకటి అందించుచున్నాడు. సూఫీకి క్రింద వరుసగా తురుష్కసుల్తాను, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్, అందరికంటె క్రింద చేత చిన్న చిత్రముతో చిత్రకారుడు. సర్ థామస్ రో 1615లో రాయబారియై వచ్చిన కాలమది; జేమ్స్ రూపము ఆంగ్లచిత్రమునుండి గ్రహింపబడినది.

ఆ జేమ్స్ ముప్పాతిక ముఖముతో పటము వెలుపలికి తిరిగియున్నాడు. ఐరోపాలో అది రాజుల భంగిమ. ఇచట దాని యర్థము తలక్రిందులైనది. జహంగీరు సంపూర్ణముగా ప్రక్కముఖమున నున్నాడు. అతడు మనలను చూడడు. సూర్యుని మనము చూతుము, సూర్యుడు మనలను లెక్కింపడు. కోటగవాక్షమునుండి ప్రతిదినము ప్రజలకు దర్శనమిచ్చు ఆచారము గల ప్రభువునకు ఈ వైఖరి తగియున్నది. బయటకు చూచుచున్న జేమ్స్ ఆ సన్నిధిలో చూపు నిలువని పరదేశివలె తోచుచున్నాడు. ఒక భాషలో గౌరవవాచకమైన పదము వేరొక భాషలో సామాన్యార్థకమగుట మనకు తెలిసినదే. చిహ్నములకు నిఘంటువు వ్రాయువారు ఈ చిత్రమునొద్ద తప్పక ఆగవలెను.

ఈ పత్రమును చూచువారెవరు? చక్రవర్తి, అతని ఆంతరంగికులు. వారిని మెట్టు క్రింద నిలుపవలసిన పనిలేదు. కావున ప్రేక్షకుడు నిలువవలసిన చోట్లను చిత్రకారుడు చిత్రములోనే రాజులతో నింపినాడు. తనకు కడపటి స్థానమునుంచుకొనెను. చక్రవర్తి పాదపీఠముపై తన పేరు వ్రాసికొనెను. ఇది వినయమే, కాని వినయము మాత్రమే కాదు. ప్రపంచప్రభువులున్న వరుసలో తానును ఉన్నాడు. వారిని ఆ వరుసలో నిలిపినవాడును తానే.

6. మన దేశమున

తెలుగుదేశమున ఈ కోవలో పరిశీలింపదగినది చిత్రము కాదు, లోహప్రతిమ. తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి అంజలి ఘటించి నిలిచియున్నారు. సింహాసనము లేదు, ఖడ్గము లేదు. రాయల తలపై పొడవైన కుళ్ళాయి మాత్రము రాజసభను స్మరింపజేయుచున్నది. కర్ణాటరాజసభకై కుళ్ళాయి ధరింపవలసివచ్చిన కష్టమును చెప్పు చాటువు శ్రీనాథునిదిగా ప్రసిద్ధము గనుక ఆ వేషము గౌరవమెంతటిదో మన పాఠకులకు తెలియును. అచ్యుతరాయల కాలపు లేపాక్షి చిత్రములందు విరూపణ్ణ, వీరణ్ణలును అట్టి శిరోవేష్టనములతోనే దేవుని సేవించుచు కనబడుదురు.

ఇచట రాజు ఎదుటివానికి ఎదురుగా నిలువలేదు. ప్రేక్షకుడును రాజును ఒకే దిక్కునకు, ఒకే దైవమునకు మ్రొక్కుచున్నారు. అయినను రాయల గౌరవము తగ్గలేదు. మనము మ్రొక్కి వెడలిపోవుదుము; అతడు ఎల్లకాలము అచటనే యుండును. నిత్యసాన్నిధ్యమే అతని ఆధిక్యము. తలవంచుటచేత ఔన్నత్యమును వ్యక్తము చేయు ఈ పద్ధతి రిగోకు తెలిసిన పద్ధతి కాదు.

బ్రిటిషుపాలనలోని సంస్థానాధీశుల రూపచిత్రములు దీనికి పూర్తిగా భిన్నములు. రాజా రవివర్మ (1848-1906) మొదలైనవారి కాలమున ఐరోపా తైలవర్ణములతోపాటు అచటి తెరలు, స్తంభములు, నిలుకడలు మన దర్బారులలో ప్రవేశించినవి. వీనిలో నేర్పునకు కొఱత లేదు. కాని మహారాజు వక్షమున రత్నహారముల నడుమ తరచుగా ఒక నక్షత్రపతకము మెరయుచుండును. అది 1861లో ఇంగ్లండు రాణి నెలకొల్పిన ‘స్టార్ ఆఫ్ ఇండియా’ బిరుదచిహ్నము. హైదరాబాదు ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖానును ఆ బిరుదమును పొందినవాడే. ఈ పటమునకు ప్రేక్షకులిద్దరు. సంస్థానప్రజ క్రిందినుండి చూచి ఆ పతకమును ప్రభువు వైభవముగా గ్రహించును. ఆంగ్లేయుడగు రెసిడెంటు చూచి తమ రాణి దయచేసిన అనుగ్రహముగా గ్రహించును. ఒకే చిహ్నము ఒకనికి ఆధిక్యమును, వేరొకనికి లోబాటును చెప్పుచున్నది. శ్లేష కవికి ఇష్టమైన అలంకారము; ఈ ప్రభువులకు విధిలేక ధరించిన అలంకారము.

7. అవతారికలకు అన్వయము

ఈ పరిశీలన వలన మన సాహిత్యమునకు కలుగు ప్రయోజనమును సూచించి విరమింతును. ఓరుగంటి ప్రభువు ప్రతాపరుద్రుని ఆశ్రయించిన విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున అలంకారశాస్త్రమునంతటిని ఆ రాజు స్తుతిపరములగు ఉదాహరణములతోనే నడపెను. అది అతిశయోక్తుల పుట్టయని కొందరు, నాయకగుణముల పట్టికయని కొందరు త్రోసివేయుదురు. ఇరువురును వ్యాసారంభమున చెప్పిన రెండు మతములకు చెందినవారే. ఆ శ్లోకములు ప్రతాపరుద్రుని ఎత్తును, రంగును చెప్పవలెనని కోరుట రిగోను అద్దముపని చేయుమనుట వంటిది. వానిని చదువువాడు ఏ సభయందు, ఎంతదూరమున కూర్చుండబెట్టబడుచున్నాడో పరిశీలించుట విమర్శకుని పని.

మనుచరిత్రావతారికయందు కృష్ణరాయలు భువనవిజయమున కొలువుండి పెద్దనను కావ్యము రచింపుమని కోరును. అచట వర్ణింపబడినది రాజవైభవము మాత్రమే కాదు. కవి తన స్థానమును ఆ చిత్రమునందే లిఖించుకొనెను. బిచిత్ర్ పాదపీఠమున పేరు వ్రాసికొనగా, పెద్దన రాజు నోటనే తన గౌరవమును పలికించెను. రాజు, కవి, పాఠకుడు అను ముగ్గురికిని స్థాననిర్ణయము చేసిన పిదపనే కథ ప్రారంభమగును. అవతారికలను చారిత్రకాంశముల కొఱకు మాత్రము చదివి విడుచు అలవాటు మన తరగతులలో ప్రబలియున్నది. వంశానుక్రమమును, దండయాత్రల పట్టికను వ్రాసికొనిన విద్యార్థి పరీక్షలో ఉత్తీర్ణుడగును. కాని తానెచ్చట నిలిచి ఆ పద్యములను వినవలెనో అతనికి తెలియదు. నన్నయనుండి నాయకరాజుల కాలమువరకు గల అవతారికలను ఈ దృష్టితో వరుసగా పరిశీలించినచో, రాజునకును కవికిని పాఠకునికిని నడుమ దూరము కాలక్రమమున ఎట్లు మారుచువచ్చినదో తెలియగలదు. పరిశోధకవిద్యార్థులు పూనుకొనదగిన కార్యమిది.